ముప్పై మందికి కారం ఘుగ్ని: అన్నీ లెక్కప్రకారం వేసినా ఎందుకు చెడుతుంది?

ముగ్గురికి వండితే గిన్నె ఊడ్చుకుని తినేలా కుదిరే కీమా ఘుగ్ని, ముప్పై మందికి వండేసరికి ఎందుకు మొరాయిస్తుంది? అడుగున మాడు, పైన నీళ్లు. బఠానీల్లో సగం ముద్ద, సగం పలుకు. మొదట వడ్డించుకున్నవాళ్లు నోరు ఊదుకుంటూ ఉంటే, చివర కూర్చున్నవాళ్లు "కారం వెయ్యడం మర్చిపోయావా అత్తా?" అంటారు. సరుకులన్నీ కొలిచి, కచ్చితంగా పదింతలు చేసి వేసినా ఇదే తంతు.

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్నకు రెండు రుతువులున్నాయి. ఒకటి సెప్టెంబరు 17 ప్రాంతంలో వచ్చే విశ్వకర్మ పూజ. రైల్వే వర్క్‌షాపులోనూ, ఊరి శివార్లలో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ కర్మాగారాల్లోనూ ఆ రోజు యంత్రాలకు బొట్లు, దండలు. ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్లను ఇంటికి పిలిచి పెట్టాలన్న ఉబలాటం పుట్టేది అప్పుడే. రెండోది దుర్గాపూజ ముగిశాక బెంగాలీలు చేసుకునే బిజోయా పలకరింపులు. పెద్దల కాళ్లకు దండం పెట్టడానికి వచ్చినవాళ్లకు కొబ్బరి లడ్డూలు, నిమ్కీలతోపాటు ఘుగ్ని పెట్టడం అక్కడి మర్యాద. ఇరుగుపొరుగు ఏం పెడితే మనమూ అదే పెడతాం, కాకపోతే మన చేతి కారంతో.

మన కారం అక్కడికి చేరింది రైలు మీదే. వాల్తేరునుంచి ఉత్తరంగా సాగే తీర రైలుమార్గం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఖరగ్‌పూర్ ఆ కంపెనీకి పెద్ద జంక్షను, పెద్ద వర్క్‌షాపు ఉన్న ఊరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలవాళ్లకు అది ఒకే కంపెనీ బండిలో వెళ్లి చేరగల కొలువు. అలా నింపురా, మథురాకాటి రైల్వే కాలనీల్లో తెలుగు స్థిరపడింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల సంఖ్యాబలం ఎంతో ఊహించుకోవచ్చు. ఇప్పుడు వాళ్ల పిల్లల్లో కొందరి కొలువు రైల్వేలో కాక ఇండస్ట్రియల్ పార్కులో. వంటింట్లో మాత్రం గోల్‌బజార్‌లో కొన్న ఆవనూనె పక్కనే ఊరినుంచి వచ్చిన కారం గుండ డబ్బా ఉంటుంది.

ఘుగ్ని అంటే ఎండు బఠానీల కూర. బెంగాల్ వీధుల్లో అమ్మేది సాధారణంగా మాంసం లేనిది. మటన్ కీమా పడితే అది 'మాంసేర్ ఘుగ్ని', పండగ వంట. గింజ, కొట్టిన మాంసం, జీలకర్ర, మిరప, అన్నీ ఒకే గిన్నెలో ఇగిరే ఈ వంటకు అమెరికాలో ఒక దూరపు చుట్టం ఉంది. టెక్సస్ రాష్ట్రం 1977లో తన అధికారిక వంటకంగా ప్రకటించుకున్న 'చిలీ'. 19వ శతాబ్దం చివర్లో శాన్ ఆంటోనియో కూడళ్లలో ఆడవాళ్లు పెద్ద గిన్నెలతో దాన్ని అమ్మేవారు. అందులో చిక్కుడు గింజలు వెయ్యాలా, వద్దా అని ఇప్పటికీ అక్కడివాళ్లు కొట్టుకుంటారు. గింజల సంగతి ఎలా ఉన్నా, పెద్ద గిన్నె పెట్టే ఇబ్బందులు అక్కడా ఇక్కడా ఒకటే. వాటినే ఒక్కొక్కటిగా విప్పుదాం.

కొలతలు ఎంత?

ముప్పై మందికి, పూరీతోనో మరమరాలతోనో కడుపునిండా తినేలా: ఎండు తెల్ల బఠానీలు 2 కిలోలు, మటన్ కీమా 2 కిలోలు, బంగాళాదుంపలు 1 కిలో, ఉల్లిపాయలు కిలోన్నర, టమాటాలు 1 కిలో, అల్లం 150 గ్రాములు, వెల్లుల్లి 150 గ్రాములు, ఆవనూనె 400 మిల్లీలీటర్లు, ఒక కొబ్బరికాయ, కాస్త చింతపండు. కారం 100 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. అయితే ఈ రెండూ ఒక్కసారే వెయ్యకూడదు. ఎందుకో తర్వాత చూద్దాం. పసుపు, ధనియాలు, జీలకర్ర, గరంమసాలా మీ అలవాటు ప్రకారం. పొయ్యి దిగేసరికి కూర ఇంచుమించు 10 కిలోలు తూగాలి. గిన్నె 20 లీటర్లది కావాలి. నిండుగా ఉన్న గిన్నెలో తెడ్డు తిరగదు, తెడ్డు తిరగని చోట అడుగంటక మానదు.

అన్నీ పదింతలు చేస్తే సరిపోదా?

సరుకులకు సరిపోతుంది. నీళ్లకు, మంటకు, సమయానికి సరిపోదు.

రెండు లీటర్ల కూర పట్టే గిన్నె మూతి 20 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. ఇరవై లీటర్ల గిన్నె మూతి 35 సెంటీమీటర్లు ఉంటుంది. గిన్నె పదింతలయింది. ఆవిరి బయటికి పోయే పైభాగం మాత్రం మూడింతలే అయింది. కింద అడుగూ అంతే, మూడింతలు. అంటే పదింతల కూర మూడింతల అడుగునుంచి వేడి తీసుకుని, మూడింతల మూతినుంచి నీళ్లు వదలాలి. పైగా ఇంట్లో పొయ్యి అదే పొయ్యి, దాని మంట అదే మంట. చిన్న గిన్నెలో పావుగంటలో ఇగిరిపోయే నీళ్లు పెద్ద గిన్నెలో గంటైనా కదలవు.

పెద్ద వంటలో చెడేవన్నీ ఈ ఒక్కదాని పిల్లలే. కూర పెరిగినంత లెక్కన దాని పైభాగం పెరగదు. అందుకే నీళ్లు ఇగరవు, మాంసం వేగదు, అడుగు మాడుతుంది, వండాక కూర చల్లారదు.

మరేం చెయ్యాలి? నీళ్లు పదింతలు పొయ్యకండి. ఆరింతలు, మహా అయితే ఏడింతలతో మొదలుపెట్టండి. తగ్గితే పొయ్యడం క్షణం పని, ఎక్కువైతే ఇగర్చడం గంటల పని. పొయ్యాల్సినవి వేణ్నీళ్లే పొయ్యాలి. పెద్ద గిన్నెలో రెండు లీటర్ల చన్నీళ్లు పోస్తే అది మళ్లీ తెర్లడానికి ఇంటి పొయ్యి మీద పది నిమిషాలు పడుతుంది. ఈలోపు ఉడకాల్సినవి ఉడకవు, చితకకూడనివి తెడ్డు కింద చితుకుతాయి.

ఇంకో ఉపాయం. వంటకు ముందు ఖాళీ గిన్నెలో 10 లీటర్ల నీళ్లు కొలిచి పోసి, చెక్క తెడ్డును నిలువుగా అడుగుదాకా ముంచి, నీళ్లు ఎంతవరకు తడిపాయో అక్కడ చాకుతో చిన్న గాటు పెట్టండి. కూర ఎక్కడికి దిగితే చాలో ఇక ఆ గాటే చెబుతుంది. కారం లెక్కకూ ఇదే ఆధారం.

బఠానీలు కొన్ని ముద్ద, కొన్ని రాళ్లు. ఎందుకు?

మూడు కారణాలున్నాయి. మొదటిది గింజ వయసు. ఏడాది దాటి నిల్వ ఉన్న బఠానీ, అందులోనూ తేమ, వేడి ఉన్న ఊళ్లో నిల్వ ఉన్నది, ఎంత ఉడికించినా పలుకుగానే ఉంటుంది. కొత్త సరుకూ పాత సరుకూ కలిసిన సంచీ అయితే సగం సగం ఉడుకుతుంది. రెండు కిలోలూ ఒకే దుకాణంలో, ఒకే బస్తానుంచి తీసుకోవాలి. నాలుగు ఇళ్ల డబ్బాలు ఊడ్చి పోగుచెయ్యకూడదు.

రెండోది నీరు. గింజలోని కణాలను అతికి ఉంచే పదార్థం పేరు పెక్టిన్. కఠిన జలంలోని కాల్షియం దాన్ని గట్టిపరుస్తుంది. నానబెట్టే నీళ్లలో లీటరుకు పది గ్రాముల ఉప్పు వేస్తే సోడియం ఆ కాల్షియాన్ని పక్కకు నెట్టి తొక్కను మెత్తబరుస్తుంది. ఉప్పు వేస్తే గింజ ఉడకదన్న మాట మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. నానబెట్టేటప్పుడు వేసిన ఉప్పు నిజానికి మేలే చేస్తుంది. మరీ కఠినమైన నీళ్లయితే రెండు కిలోలకు ఒక చెంచా వంటసోడా చాలు. అంతకు మించితే సబ్బు రుచి, ముద్ద కూర.

మూడోది పులుపు. టమాటా, చింతపండు పెక్టిన్‌ను కరగనివ్వవు. బఠానీ పూర్తిగా ఉడికాకే పులుపు పడాలి. ముందే పడితే గింజ అక్కడితో ఆగిపోతుంది.

సెప్టెంబరు ఉక్కలో ఎనిమిది గంటలు నానితే చాలు. పన్నెండు దాటితే నురగ కట్టి పులుస్తుంది. నానిన గింజ రెండింతలకు పైగా బరువెక్కుతుంది, కాబట్టి నానబెట్టే పాత్ర పెద్దది తీసుకోండి. ఉడికించడానికి ప్రెషర్ కుక్కరే మేలు. అయితే సగానికి మించి నింపవద్దు. గింజల నురగ పైకి పొంగి, ఆవిరి పోయే రంధ్రాన్ని మూసేస్తుంది. ఏడున్నర లీటర్ల కుక్కరయితే మూడు వాయిలు. ప్రతి వాయికీ అంతే నీళ్లు, అన్నే కూతలు. రెండు కూతల తర్వాత దించి, ఆవిరి దానంతటది పోయేదాకా ఆగండి. బలవంతంగా ఆవిరి వదిలితే లోపల ఒక్కసారిగా తెర్లి గింజలు చిట్లుతాయి.

బఠానీ బదులు రాజ్మా వేద్దామనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. పచ్చి రాజ్మాలో వాంతులు, విరేచనాలు తెచ్చే లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా తెర్లుతూ ఉడికిస్తేనే అది పోతుంది. సన్నని సెగ మీద, తెర్లకుండా గంటలకొద్దీ ఉంచితే పోకపోగా దాని బలం పెరుగుతుంది కూడా. కుక్కర్లో ఉడికించినవాళ్లకు ఈ భయం లేదు.

కీమా వేగకుండా నీరెందుకు కారుతుంది?

మాంసంలో మూడొంతుల దాకా నీరే. గిన్నెలో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రబడి, వేపుడు వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. రెండు కిలోల కీమా ఒకేసారి గుమ్మరిస్తే ఊరిన నీరు ఆవిరయ్యే దారి లేక, మాంసం తన రసంలోనే ఉడుకుతుంది. బూడిద రంగు, రబ్బరు గట్టిదనం వచ్చేది అందుకే.

అరకిలో చొప్పున నాలుగు వాయిలు వెయ్యండి. వెడల్పు బాండీ, పెద్ద మంట, కొద్దిగా నూనె. వేసిన వెంటనే కలపవద్దు. రెండు నిమిషాలు వదిలేసి, అడుగు ఎర్రబడ్డాక తిరగెయ్యండి. వాయి తీశాక బాండీకి అంటుకున్న గోధుమరంగు పొరను అరగ్లాసు నీళ్లతో గీకి దాచుకోండి. కూరకు కమ్మదనమిచ్చేది ఆ పొరే. నల్లబడితే మాత్రం పారబొయ్యాలి.

ఉల్లిపాయలదీ ఇదే కథ. వాటిలో పదింట తొమ్మిది వంతులు నీరే. కిలోన్నరను రెండు వాయిలు చేస్తే మొత్తం మీద త్వరగా పని అవుతుంది. ఒక్కసారే వేస్తే అవి మగ్గుతాయి కానీ వేగవు. ఆవనూనెను పొగ వచ్చేదాకా కాచి, కాస్త చల్లారనిచ్చి అప్పుడు వెయ్యడం బెంగాలీ పద్ధతి. ముక్కుకెక్కే ఆ నూనె ఘాటు కాచడంతో మెత్తబడుతుంది.

కారం ఎంత వెయ్యాలి? ఎప్పుడు వెయ్యాలి?

పెద్ద వంటలో అందరూ నిందించేది కారాన్ని. లెక్క తప్పేది నిజానికి నీళ్లు. నీళ్లు ఎక్కువ పోస్తాం. కూర పలచగా ఉంటుంది, కారం చాలలేదనిపిస్తుంది, ఇంకో గుప్పెడు వేస్తాం. తర్వాత గంటసేపు ఇగర్చితే నీళ్లు పోతాయి, కారం పోదు. మిరపకు మంటనిచ్చే కాప్సైసిన్ వంటవేడికి అంత సులువుగా నశించేది కాదు, ఆవిరితో ఎగిరిపోయేది అత్యల్పం. కాబట్టి కారాన్ని ఇప్పుడు గిన్నెలో ఉన్నదానికి కొలవకండి, చివరికి మిగలబోయేదానికి కొలవండి. తెడ్డు మీద గాటు పెట్టింది అందుకే.

గుంటూరు సన్నం రకం కారమయితే కిలో కూరకు పది గ్రాములు ఉత్తరాంధ్ర నాలుకకు సరిపడే పాళ్లు. పది కిలోలకు 100 గ్రాములు అలా వచ్చినవే. తేజ రకం అంతకన్నా బాగా ఘాటు, అదయితే మూడో వంతు తగ్గించండి. కర్ణాటక బ్యాడిగి, వరంగల్ చపాటా రంగుకు ప్రసిద్ధి, మంట తక్కువ. ఎరుపు వేరు, మంట వేరు. ఎరుపు కెరోటినాయిడ్లది, మంట కాప్సైసిన్‌ది. ఎర్రగా ఉన్న ప్రతిదీ కారం కాదు, ఎర్రగా లేనిదల్లా చప్పన కాదు.

మీ డబ్బాలో ఉన్న కారం గుండ ఏ రకమో మీకు తెలియకపోతే ముందురోజే పరీక్షించండి. ఉడికిన బఠానీలు 200 గ్రాములు, ఒక చెంచా నూనె, 2 గ్రాముల కారం, తగినంత ఉప్పు కలిపి పది నిమిషాలు ఉడికించి చూడండి. పెద్ద గిన్నెలో రాబోయే ఘాటు అదే. నీళ్లలాగా, మంటలాగా కారం మొండికెయ్యదు. పాళ్లు ఒకటయితే చిన్న గిన్నెలోనూ పెద్ద గిన్నెలోనూ మంట ఒకటే.

ఎప్పుడంటే, రెండు విడతలుగా. మొదటి విడత 65 గ్రాములు, ఉల్లి, అల్లం వెల్లుల్లి వేగి నూనె తేలాక. కాప్సైసిన్, మిరప ఎరుపు రెండూ నూనెలో కరిగేవే, నీళ్లలో కరగడం బహు స్వల్పం. నూనెలో పడితేనే రంగూ ఘాటూ కూరంతటికీ అందుతాయి. అయితే కాగిన నూనెలో కారం క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. మంట తగ్గించి, కారాన్ని అరగ్లాసు నీళ్లలో కలిపి పొయ్యండి. మిగిలిన 35 గ్రాములు కూర గాటుదాకా దిగాక, రుచి చూసి, కాస్త వేడినూనెలో కలిపి. ఉప్పూ అంతే. మొదట 70 గ్రాములు, మిగతాది చివర.

రుచి చూడ్డానికీ ఒక పద్ధతి ఉంది. సలసల కాగుతున్న కూర నాలుక మీద పెట్టి కారం ఎక్కువైందని కంగారుపడకండి. కాప్సైసిన్ తగిలితే తెరుచుకునే నాడుల ద్వారమే దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకుంటుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించిన ఆ ద్వారం పేరు టీఆర్‌పీవీ1. దానితో మొదలైన పరిశోధనలకు ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. వేడి కూరలో కారమూ వేడీ కలిసి ఒకే తలుపు తడతాయి. అందుకే చిన్న గిన్నెలోకి తీసి, గోరువెచ్చగా అయ్యాక చూడండి.

మొదటివాళ్లకు మంట, చివరివాళ్లకు చప్పన ఎందుకు?

పైన తేలే నూనెలో కాప్సైసిన్ దట్టంగా ఉంటుంది. ముగ్గురి గిన్నెలో ఆ తెట్టు పలచన, గంటె పెట్టగానే కలిసిపోతుంది. పెద్ద గిన్నెలో పైపైన తీసి వడ్డిస్తే కారం నూనె మొదటి పదిమందికే సరి. చివరివాళ్లకు మిగిలేది బఠానీలు, నీళ్లు.

దీనికి మందు బఠానీలోనే ఉంది. దించేముందు రెండు గంటెల బఠానీలను మెదిపి కలిపితే వాటి పిండి పులుసును చిక్కబరిచి నూనెను పట్టి ఉంచుతుంది. తొందరపడి ముందే మెదపకూడదు. చిక్కబడిన మరుక్షణంనుంచి అడుగంటే ప్రమాదం మొదలవుతుంది.

అడుగెందుకు మాడుతుంది?

పలచని నీళ్లు వేడెక్కితే పైకి లేస్తాయి, పైనున్న చల్లనివి కిందికి దిగుతాయి. ఆ తిరుగుడు వల్ల అడుగు వేడి అంతటా పంచబడుతుంది. చిక్కని కూరలో ఈ తిరుగుడు ఆగిపోతుంది. పిండి అడుగుకు చేరి, పొయ్యి వేడినంతా తానొక్కటే భరించి మాడుతుంది. పైన చెయ్యిపెడితే గోరువెచ్చన, కింద బొగ్గు.

గిన్నె కింద పాత ఇనప పెనం పెట్టండి. మంట ఒకేచోట తగలకుండా పరుచుకుంటుంది. తెడ్డు అంచు చదునుగా ఉండాలి, అడుగును గీకుతూ పోవాలి. గుండ్రటి గంటెతో పైపైన కలిపితే కలిపినట్టు కనిపిస్తుందంతే. పులుసు చిక్కబడ్డాక నిమిషానికోసారి తెడ్డు వెయ్యాలి. మాడు వాసన తగిలితే గీకకండి. పైకూరను మెల్లగా వేరే గిన్నెలోకి ఒంపి, అడుగును అలాగే వదిలెయ్యండి. గీకితే చేదు మొత్తానికి పాకుతుంది.

మిరపకాయలు వేయిస్తే ఇల్లంతా దగ్గెందుకు?

ఘుగ్ని మీద చివర చల్లే వేయించిన పొడి, బెంగాలీలు భాజా మొసలా అనేది, జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి కలిపి చేస్తారు. మిరపకాయ మాడేకొద్దీ కాప్సైసిన్ సన్నని పొగ తుంపరై గొంతులోని నాడులను తాకుతుంది, దగ్గు తెప్పిస్తుంది. జీలకర్ర, ధనియాలు ముందు వేయించి తీసేసి, మిరపకాయలను చివర, సన్నని సెగ మీద, రంగు మారుతుండగానే దించెయ్యండి. మిక్సీ తిప్పాక మూత వెంటనే తియ్యకండి. పొడి అణిగేదాకా ఐదు నిమిషాలు ఆగండి.

చేతుల మంటకు నీళ్లు పనిచెయ్యవు. మిరపకాయలు చీల్చే ముందే చేతులకు నూనె రాసుకోండి. మంట మొదలైతే మొదట నూనెతో రుద్ది తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. ఘాటు గింజల్లో ఉంటుందనుకుంటాం కానీ, గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లని ఈనెలోనే అది తయారవుతుంది. పచ్చిమిర్చి ఘాటు తగ్గించాలంటే తీసెయ్యాల్సింది ఆ ఈనెనే.

అయినా కారం ఎక్కువైతే?

వేసిన కారాన్ని వెనక్కి తీసే మందు లేదు. బంగాళాదుంప కారాన్ని పీల్చేస్తుందనడం అపోహ, అది కూరను పెంచుతుందంతే. పెంచడమే ఉన్న దారి. అందుకే కారం, ఉప్పు లేని ఉడికిన బఠానీలు ఒక గిన్నెడు పక్కన ఉంచుకోండి. కూరను కాసేపు కదపకుండా ఉంచి, పైన తేలిన ఎర్రనూనెను గంటెతో తీసెయ్యండి, మంటలో గణనీయమైన భాగం దానితో పోతుంది. ఆ నూనె పారబొయ్యక్కర్లేదు, కారం కావాలన్నవాళ్లకు పక్కన పెట్టొచ్చు. కొబ్బరిపాలు, చిటికెడు బెల్లం, చింతపండు మంటను తగ్గించవు కానీ నాలుకను దారి మళ్లిస్తాయి. తినేవాళ్లకు నీళ్ల బదులు మజ్జిగ పెట్టండి. పాలలోని ప్రోటీన్లు కాప్సైసిన్‌ను పట్టుకుని తీసుకుపోతాయి, నీళ్లు దాన్ని నోరంతా పూస్తాయి.

ముందురోజే వండి ఉంచవచ్చా?

ఉంచవచ్చు, రుచి పెరుగుతుంది కూడా. రాత్రంతా బఠానీ లోపలికి ఉప్పు, పులుపు, మసాలా దిగుతాయి. అయితే ముప్పై మందిని మంచాన పడేసే తప్పు జరిగేది ఇక్కడే. వేడివేడి గిన్నెకు మూతపెట్టి, తెల్లారేదాకా గట్టు మీద వదిలేస్తాం. క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా బీజాలు మాంసంలో ఉండొచ్చు, ఉడికించినా చావవు. కూర 40, 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు అవి మేలుకుని, పది నిమిషాలకోసారి రెట్టింపవుతూ పోగలవు. చిన్న గిన్నె ఆ మెట్టును త్వరగా దాటేస్తుంది. పది కిలోల గిన్నె గంటల తరబడి అక్కడే కూర్చుంటుంది. మళ్లీ పైభాగం లెక్కే.

వండిన కూర 60 డిగ్రీలనుంచి 21కి రెండు గంటల్లో, అక్కడినుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. వెడల్పు పళ్లాల్లో రెండంగుళాల మందాన పరవండి. చిక్కని కూరలో మందం సగమైతే చల్లారే సమయం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫ్యాను కింద పెట్టి, మధ్యమధ్య కదిపి, ఆవిరి తగ్గగానే మూతపెట్టి ఫ్రిజ్‌లోకి. ఫ్రిజ్‌లో అంత చోటు లేకపోతే ముందురోజు పూర్తిగా వండకండి. బఠానీలు నానబెట్టడం, మసాలా పొడి చెయ్యడం, ఉల్లి, అల్లం, వెల్లుల్లి తరగడం ముందురోజు, పొయ్యి పని ఆ రోజు.

పనులు ఏ వరుసలో?

మధ్యాహ్నం ఒంటిగంటకు వడ్డన అనుకుంటే, ముందురాత్రి పదింటికి బఠానీలు నానాలి. పొద్దున ఆరింటికి నీళ్లు మార్చి కుక్కర్ మూడు వాయిలు. ఒక పొయ్యి మీద అది సాగుతుండగా, రెండో పొయ్యి మీద కీమా నాలుగు వాయిలు, ఉల్లి రెండు వాయిలు. తొమ్మిదిన్నరకు పెద్ద గిన్నెలో నూనె, మసాలా, మొదటి విడత కారం. ఆ వెంటనే కీమా, దుంపలు, వేణ్నీళ్లు. అవి మెత్తబడ్డాక బఠానీలు, ఆ తర్వాత టమాటా, చింతపండు పులుసు. పదకొండున్నరకల్లా తెడ్డు గాటుకు కూర అటూఇటూగా ఉండాలి. అప్పుడు రుచి చూసి మిగిలిన కారం, ఉప్పు. పన్నెండున్నరకు బఠానీలు మెదిపి, వేయించిన కొబ్బరి ముక్కలు, గరంమసాలా. చల్లారేకొద్దీ పిండి బిగుసుకుంటుంది, కాబట్టి ఒక లీటరు వేణ్నీళ్లు దగ్గర ఉంచుకోండి.

వడ్డించేటప్పుడు గంటెను అడుగుదాకా దించి తియ్యండి. వేయించిన పొడి, పచ్చి ఉల్లి, కొత్తిమీర గిన్నెలో కలపకుండా ఎవరి పళ్లెంలో వాళ్లకు చల్లండి. కారం తినలేని బెంగాలీ పొరుగింటివాళ్లకూ, కారం చాలని మనవాళ్లకూ ఒకే గిన్నె సరిపోవాలంటే చివరి పది శాతం ఘాటు వాళ్ల చేతికే వదిలెయ్యాలి. అంతా అయ్యాక, ఏ రకం కారం, ఎన్ని గ్రాములు, కూర గాటుకు ఎంత పైన, ఎంత కింద ఆగిందో వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. వచ్చే విశ్వకర్మ పూజకు యాభై మంది వచ్చినా ఆ మూడు వివరాలనుంచే లెక్క మొదలుపెట్టవచ్చు.